లోతు మీటరుకు పెట్టిన చెవి

ముందు ఆ నరసింహస్వామికి ఒక దండం. ఇలాంటి సంగతి చెప్పబోయే ముందు ఆయన పేరు తలవనిదే నాకు నోట మాట కదలదు. మీరూ మనసులో ఒక దండం పెట్టుకోండి, పోయేదేమీ లేదు. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

జిగణి తెలుసు కదా మీకు. ఆనేకల్లు పోయే వైపు, ఎటు చూసినా ఫ్యాక్టరీలు, గ్రానైట్ కోసే షెడ్లు, రోడ్డంతా తెల్లటి రాతిపొడి. అక్కడ ఒక గ్రానైట్ షెడ్డు వెనక బసవరాజు అనే ఆయన వర్క్‌షాపు ఉంది. రెండు గదులు, ఒక షట్టరు. లోపల జరిగే పనేమిటో వింటే నవ్వుతారు. సముద్రం అక్కడికి ఒక రాత్రి బస్సు దూరం. ఊరేమో సముద్రానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. అలాంటి చోట కూర్చుని వాళ్లు చేపల పడవల మీటర్లు సరిచేస్తారు.

పడవల్లో పాత మీటర్లుంటాయి. నీళ్ల లోతు చెప్పేదొకటి, గాలి చెప్పేదొకటి, దిక్కు చెప్పేదొకటి. ముప్పై ఏళ్ల నాటివి, రాయిలాంటివి, చెడిపోవు. కానీ ఇప్పుడొచ్చే స్క్రీన్లకు వాటి భాష తెలియదు. పాత మీటరు హరికథ చెప్పే దాసుగారి లాంటిది. ఆయన చెప్తాడు, మిగతావాళ్లు వింటారు, అంతే. కొత్త నెట్‌వర్క్ సంత లాంటిది. ఒకే తీగ మీద అందరూ మాట్లాడతారు, అందరూ వింటారు. దాసుగారిని తీసుకొచ్చి సంతలో నిలబెట్టాలంటే మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. అరచేతిలో పట్టే నల్లటి బాక్సు ఒకటి. బసవరాజు వర్క్‌షాపులో తయారయ్యేది ఆ బాక్సులే.

ఆ బాక్సులు చేసే చెయ్యి చిన్నప్పది.

చిన్నప్పకు యాభై ఎనిమిదేళ్లు. బళేపేటలో గాజుల అంగళ్ల సందులో, మూడో అంతస్తులో ఇల్లు. వాళ్ల తాత, తండ్రి అంగళ్ల చుట్టూ తిరిగి తక్కెళ్లు సరిచేసినవాళ్లు. ఆ ఇంట్లో ఆయుధపూజ మనం చేసుకునేట్టు ఉండదు. కొలిచే పనిముట్టును మనిషిలా చూస్తారు. బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, అక్షింతలు వేసి "రా తండ్రీ, వచ్చి కూర్చో" అని పిలుస్తారు. అలా పిలిచాక ఆ పొద్దు దాన్ని పనికి వాడరు. మర్నాడు విజయదశమి పొద్దున మళ్లీ అక్షింతలు వేసి "పోయిరా" అని సాగనంపాకే చేతబట్టేది.

ఇంకొక కట్టడి కూడా ఉంది. చనిపోయినవాడి పనిముట్టు పూజకొస్తే, ముందు ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి సాగనంపాలి. ఆ తర్వాతే దానికి బొట్టు. లేకపోతే, "రా" అని పిలిచినప్పుడు వచ్చి కూర్చునేది దేవుడు కాదు.

ఈ కట్టడి చిన్నప్పకు తెలుసు. తెలిసి కూడా తప్పు ఎలా జరిగిందో చెప్తాను వినండి.

కన్నడ కోస్తాలోని మల్పె రేవు నుంచి ఒక పడవ యజమాని పాత లోతు మీటరు పంపాడు. ఇత్తడి మూత, ఆకుపచ్చ అంకెలు. దీన్ని కొత్త స్క్రీనుతో మాట్లాడించాలి, విజయదశమి పొద్దున పడవ నీళ్లలోకి పోవాలి అన్నాడు. మీటరు ఎవరిదని చిన్నప్ప అడగకపోలేదు. నాదే, నేనే కొన్నాను అన్నాడాయన. యజమాని బతికే ఉన్నాడు గదా అనుకున్నాడు చిన్నప్ప. కానీ వాళ్ల తాత చెప్పిన లెక్కలో పనిముట్టు సొంతదారంటే కొన్నవాడు కాదు, చేత్తో వాడినవాడు. ఆ ఒక్క మాట ఆ రోజు చిన్నప్పకు గుర్తు రాలేదు.

కొత్త స్క్రీను, బాక్సు తీసుకుని రేవుకు పోయినవాడు నాగరాజు. చిన్నప్పకు చెల్లెలి కొడుకు, ఇప్పుడు అల్లుడు కూడా. తొమ్మిదో ఏట తల్లి పోయినప్పటి నుంచి చిన్నప్ప ఇంట్లోనే పెరిగాడు. సోల్డరింగ్ పట్టడం మామ దగ్గరే నేర్చుకున్నాడు. చిన్నప్ప కూతురు భవ్యను చేసుకుని ఎనిమిది నెలలు. పండగ పూట మొగుణ్ణి సముద్రం మీదికి పంపుతావా నాయనా అని భవ్య ముఖం మాడ్చుకుంటే, సముద్రం మీదికి కాదు, కట్టేసిన పడవలో కూర్చుని రెండు తీగలు తగిలించి రావడమే అని సర్దిచెప్పింది చిన్నప్పే. ఆ ఇంటికి మగదిక్కు వాడు. చిన్నప్ప కళ్లు మసకబారుతున్నాయి, రేపు బెంచీ ముందు కూర్చునేది వాడే. వాడికి ఏమన్నా అయితే ఆ ఇంట్లో ముగ్గురు ఒకేసారి పడిపోతారు.

మీటరు ఇంకా జిగణిలోనే ఉండిపోయింది. ఎందుకంటే దానికి చెప్పే తీగ ఒకటే ఉంది, వినే తీగ లేదు. అడిగినదానికి బదులివ్వకపోతే ఆ యజమాని కొన్న కొత్త స్క్రీను దాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకని చిన్నప్ప దాని మూత విప్పి లోపల చిన్న ముక్క అతికి, వినే తీగ కూడా పెట్టాడు. ముప్పై ఏండ్లుగా పాపం చెప్తానే ఉండాది, ఇంక విననీ అని తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

అదీ సంగతి. దానికి అంతకుముందు నోరు మాత్రమే ఉండేది. చిన్నప్ప చెవి పెట్టాడు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే వర్క్‌షాపు కడిగి, బెంచీ మీది పనిముట్లన్నీ వరసగా పెట్టి పూజ చేశాడు. స్క్రూడ్రైవర్లు, మీటర్లు, సోల్డరింగ్ కడ్డీ, వాటి మధ్యలో ఆ లోతు మీటరు. దానికీ బొట్టు పెట్టాడు, సేవంతి పువ్వు పెట్టాడు. "రా తండ్రీ, వచ్చి కూర్చో" అన్నాడు. షట్టరు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టారు. బసవరాజు బొరుగులు పంచి, పనివాళ్లను ఇళ్లకు పంపి, తనూ వెళ్లిపోయాడు. చిన్నప్ప బెంచీ సర్ది బయల్దేరబోతుండగా మధ్యాహ్నం మూడింటికి నాగరాజు ఫోను వచ్చింది.

ఒక్కసారి సరిచూడాలి మామా అన్నాడు. పడవలో బాక్సు తగిలించాను, అక్కడ మీటరు ఆన్ చేస్తే ఫోను ఇంటర్నెట్ మీదుగా ఇక్కడి స్క్రీనులో కనపడాలి, కనపడితే మీటరును రాత్రి బస్సులో పార్సిల్ వేసెయ్, లేకపోతే రేపు ఈయన నన్ను సముద్రంలో తోస్తాడు అన్నాడు. చిన్నప్ప పూజలో ఉన్న వస్తువు ముట్టనన్నాడు.

"మామా, ఆ బెంచీకి పెట్టినంత శ్రద్ధగా అత్త తలలో ఏ పొద్దన్నా పువ్వు పెట్టినావా? ఐదు నిమిషాలు. దేవుడు అర్థం చేసుకుంటాడులే."

మేనల్లుడి మాటకు చిన్నప్ప ఎప్పుడూ కరిగేవాడే. స్వామీ తప్పు కాయి అని చెంపలేసుకుని, పువ్వు పక్కకు తీయకుండానే, మీటరును లాప్‌టాప్‌కు కలిపి, దాని తీగలు బ్యాటరీకి తగిలించాడు.

బయట మబ్బు పట్టింది. అంతలో కరెంటు పోయింది. గ్రానైట్ షెడ్డు పండగకు మూసి ఉంది కాబట్టి రోజూ చెవులు చిల్లులు పడేట్టు కోసే రంపం చప్పుడు కూడా లేదు. వాన జల్లు లోపలికి కొడుతుందని షట్టరు సగం దించాడు. గదిలో మిగిలింది పూజ దీపం వెలుగు, లాప్‌టాప్ వెలుగు, మీటరు మీది ఆకుపచ్చ వెలుగు. సాంబ్రాణి వాసన, తడిసిన రాతిపొడి వాసన. రేకుల మీద వాన సన్నగా మొదలైంది.

మీటరు మీద మూడు గీతలు వెలిగాయి. అది సరైనదే. పడవ అడుగున బిగించే సెన్సర్ ఉంటేనే మీటరుకు లోతు తెలిసేది. బెంచీ మీద సెన్సర్ లేదు. కాబట్టి గీతలే రావాలి. ఆ గీతలు అక్కడి స్క్రీనులో కనపడితే పని అయినట్టే.

కనపడినాయి మామా అన్నాడు నాగరాజు. చిన్నప్ప నవ్వి తీగ పీకబోయాడు.

గీతలు పోయి 3.1 అని పడింది.

చిన్నప్ప చెయ్యి అక్కడే ఆగింది. కళ్లద్దాలు తుడిచి చూశాడు. 3.1. లాప్‌టాప్‌లో సెకనుకొక వరుస వస్తోంది, ప్రతి వరుసలోనూ అదే అంకె. నాగరాజు అటునుంచి సంతోషపడుతున్నాడు. రేవులో నీళ్లు సరిగ్గా అంతే లోతు ఉన్నాయట, భలే చెప్పినావు మామా అంటున్నాడు. చిన్నప్పకు సంతోషం రాలేదు. ఏ సెన్సరూ లేని మీటరు, బండలు పరిచిన గదిలో కూర్చుని, నాలుగు వందల కిలోమీటర్ల అవతలి నీళ్లు ఎలా కొలిచింది?

3.4.

4.9.

వాన పెరిగిందేమో అనుకున్నాడు చిన్నప్ప. కానీ రేకుల మీద చప్పుడు పెరగలేదు, తగ్గింది. చెవుల్లో దూది పెట్టినట్టు మెల్లగా తగ్గిపోయింది. సాంబ్రాణి వాసన కింద ఇంకో వాసన లేచింది. డీజిలు... పాత వల... కుళ్లిన చేప. జిగణిలో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నవాడికి ఆ వాసన ఎక్కడిది?

9.6.

చెవులు నొప్పి పుట్టాయి. చిన్నప్పుడు బావిలో అడుక్కు మునిగినప్పుడు నొప్పి పుట్టినట్టు.

"నాగరాజూ, అక్కడ ఎంత చూపిస్తా ఉండాది?"

"తొమ్మిది దాటింది మామా. పడవ కట్టేసే ఉండాది. తాడు బిగిసే ఉండాది. అయితే..." పడవ చెక్కల మీద అడుగుల చప్పుడు. "తాడు అవతల కొస కనపడ్డం లేదు. రేవు కట్ట కనపడ్డం లేదు. వాన కమ్మేసిందేమో."

దిగి వచ్చెయ్ అన్నాడు చిన్నప్ప. ఎక్కడికి దిగేది మామా అన్నాడు నాగరాజు. ఆ మాట వాడు వేళాకోళంగా అనలేదు.

చిన్నప్ప బ్యాటరీ తీగ పీకేశాడు.

ఆకుపచ్చ అంకెలు ఆరలేదు.

లాప్‌టాప్ మూశాడు. లాప్‌టాప్‌కూ మీటరుకూ మధ్య ఉన్న తీగ లాగేశాడు. మీటరు వెలుగుతూనే ఉంది. పీకిన తీగ చేతిలో ఉంది, కొస దీపం వెలుగులో మెరుస్తోంది. 17.0... 22.3... 31.0. అక్కడ ఆగింది. ఇంక పెరగలేదు, తగ్గలేదు. వచ్చి కూర్చున్నట్టు ఆగింది.

అప్పుడు గుర్తొచ్చిందండీ తాత మాట. కొన్నవాడు కాదురా, వాడినవాడు.

వర్క్‌షాపు ఫోనులోంచి పడవ యజమానికి చేశాడు. తన ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు, అందులో నాగరాజు ఊపిరి వినపడుతోంది. ఈ మీటరు ముందు ఏ పడవలో ఉండిందని కన్నడంలో అడిగాడు. ఆయన మొదట నసిగాడు. చిన్నప్ప ఏడుపు గొంతుతో అడిగేసరికి చెప్పాడు. ఇదే పడవ. శ్రావణంలో మునిగింది. ముప్పై ఒక్క మీటర్ల నీళ్లలో. పడవను పైకి లాగి బాగుచేయించాను, మనుషులు దొరకలేదు అన్నాడు. ఎంతమంది అంటే నలుగురు అన్నాడు. పేర్లు చెప్పు స్వామీ, నీ కాళ్లు పట్టుకుంటాను, పేర్లు చెప్పు అన్నాడు చిన్నప్ప.

శీన. మాధవ. రాఘు. మూడు చెప్పి ఆగిపోయాడాయన.

నాలుగోవాడు ఒక తెలుగువాడట. కూలిపనికి వెతుక్కుంటూ వచ్చి, ఆ పొద్దే పడవ ఎక్కాడట. పేరు ఎవరూ అడగలేదట. ఎక్కడా రాసుకోలేదు కూడా. వెతికేటప్పుడు ముగ్గురి కోసమే వెతికారట.

చిన్నప్ప ఫోను పెట్టేశాడు. పూజ పళ్లెంలో అక్షింతలున్నాయి. పిడికెడు తీసుకున్నాడు. మీటరు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"శీనా, పోయిరా నాయనా."

అక్షింతలు వేశాడు. 31 పోయి 24 అయింది. నరసింహా అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాధవా, పోయిరా నాయనా." 16. "రాఘూ, పోయిరా నాయనా." 8.0. చెవుల నొప్పి తగ్గింది. రేకుల మీద వాన మళ్లీ వినపడింది. ఫోనులో నాగరాజు కూడా మెల్లగా అన్నాడు, కట్ట మసకగా కనపడతా ఉండాది మామా అని.

8.0. అక్కడే ఉంది. ఇంకొకడు లేవాలి.

పేరు తెలియని మృతుణ్ణి ఎలా సాగనంపాలో మన పెద్దలు చెప్పకపోలేదు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అంటాం. పేరు తెలియకపోతే జనార్దనుడి పేరు చెప్తాం. దిక్కులేనివాడికి దేవుడే పేరు. చిన్నప్పకు అది గుర్తొచ్చింది. మూడు వేళ్లతో అక్షింతలు తీసుకున్నాడు. చెయ్యి మీటరు మీదికి చాపాడు. జనార్దనా అనడానికి నోరు తెరిచాడు.

అప్పుడు ఫోనులో నాగరాజు మాట్లాడాడు. గుసగుసగా.

"మామా... నా వెనక ఒకాయప్ప కూర్చోనుండాడు."

చిన్నప్ప ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"తెలుగే మాట్లాడతా ఉండాడు మామా. మంచిగానే మాట్లాడతా ఉండాడు. నీ పేరేందప్పా అని అడగతా ఉండాడు... చెప్పమంటావా?"

అయ్యలారా, ఆ చోట మీరున్నా నేనున్నా ఏం చేసి ఉండేవాళ్లం? పెంచిన చెయ్యి. కన్నకొడుకు కన్నా ఎక్కువ.

"చెప్పద్దురా నాగరాజూ..."

అక్షింతలు చేతిలో ఉన్నాయి. చెయ్యి మీటరు మీద ఉంది. పేరు నోట్లోంచి వచ్చింది. వేళ్లు వదులయ్యాయి.

అక్షింతలు మీటరు మీద పడ్డాయి.

మూడు గీతలు వెలిగాయి. ఆ తర్వాత వెలుగు ఆరిపోయింది.

చిన్నప్ప నేల మీద పడిన బియ్యం గింజల్ని ఒక్కొక్కటి ఏరుతున్నాడు. ఏరితే వెనక్కొస్తాయనుకున్నాడో ఏమో. ఫోనులో నీళ్లు తట్టుకునే చప్పుడు. అల్లుడి పేరు మళ్లీ పిలవడానికి భయం. పిలవకుండా ఉండడానికి భయం. ఒరే... ఒరే... అని మాత్రం అన్నాడు.

అప్పుడు అటునుంచి గొంతు వచ్చింది. నాగరాజు గొంతే.

"అయిపోయింది పెద్దాయనా. నేను వచ్చేస్తా ఉండా."

మర్నాడు పొద్దున బస్సు దిగి ఇంటికి వచ్చాడు. చొక్కా అదే, చెప్పులు అవే, మెడ మీది మచ్చ అదే. భవ్య ఎదురెళ్లి దిష్టి తీసి లోపలికి తీసుకుంది. చిన్నప్ప భార్య మునిలక్ష్మి ఓళిగలు చేసి పెడితే ఏడు తిన్నాడు. చిన్నప్ప గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. అత్తను అత్త అనలేదు. మామను మామ అనలేదు. నీళ్లు కావాలంటే ఊరికే చెయ్యి చాపాడు. మంచినీళ్ల బిందె ఏ మూల ఉంటుందో ఒక్క క్షణం వెతుక్కున్నాడు. పెరిగిన ఇంట్లో.

అలసటలే అన్నది మునిలక్ష్మి. భవ్యకైతే ఏ లోటూ కనపడలేదు. అంతకుముందు మాటకు మాట చెప్పేవాడు, ఇప్పుడు నెమ్మదయ్యాడని సంబరపడింది. పండగ పూట సముద్రానికి పంపితే పంపినావు గానీ నాయనా, మనిషి బాగుపడి వచ్చినాడు అని చిన్నప్పతో వేళాకోళమాడింది. ఆ మాటకు చిన్నప్ప లేచి స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

వర్క్‌షాపులో ఆ మీటరుకు ఎన్నిసార్లు బ్యాటరీ తగిలించినా మళ్లీ వెలగలేదు. యజమాని కొత్తది కొనుక్కున్నాడు. చిన్నప్ప రోజూ సాయంత్రం దాని ముందు అక్షింతలు పట్టుకుని కూర్చునేవాడు. ఎవరిని సాగనంపాలి? నాగరాజు అనడానికి నోరు రాదు, ఆ పేరుతో పంపింది తనే. ఇంట్లో ఉన్నవాడి పేరు తనకు తెలియదు. దేవుడి పేరుతో పంపితే, ఆ ఒంట్లోంచి వాడు లేచిపోయాక మిగిలేది ఏమిటి? ఆలోచించే కొద్దీ చేతిలోని అక్షింతలు చెమటకు తడిసి ముద్దయ్యేవి. లేచి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో కూతురు ఆ మనిషికి అన్నం వడ్డిస్తూ ఉండేది.

దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం, తలుపు తట్టారు. చిన్నప్ప తీశాడు. ముప్పై ఏళ్లుండే ఆడమనిషి. చేతిలో సంచి, చంకలో రెండేళ్ల ఆడపిల్ల. మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతోంది.

పేరు వనజ అని చెప్పింది. కదిరి పక్క పల్లె నుంచి వచ్చిందట. వాళ్లాయన శ్రావణంలో పనికని పోయి ఆచూకీ లేకుండా పోయాడట. చచ్చిపోయాడని ఊళ్లో అందరూ అన్నారట. విజయదశమి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోను చేస్తున్నాడట, గొంతు మారినా మాట తీరు ఆయనదేనట. బళేపేటలో ఒక ఇంట్లో ఉండా, వాళ్లు బాగా చూసుకుంటా ఉండారు, పాపను తీసుకుని వచ్చెయ్ అని అడ్రసు చెప్పాడట. మీ రుణం తీర్చుకోలేమని ఆ అమ్మ చిన్నప్పకు వంగి దండం పెట్టింది.

చిన్నప్ప గుండె ఒక్కసారి కొట్టుకుంది. ఇన్నాళ్లకు, ఒక్కసారి. పేరు. ఆ పేరు తెలిసిన మనిషి గడప ముందు నిలబడింది.

"అమ్మా, మీ ఆయన పేరేంది?"

ఆమె సిగ్గుపడి తల దించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల పల్లెలో పెళ్లాం మొగుడి పేరు నోట పలకదు, పలికితే అతని ఆయుస్సు తరుగుతుంది. చిన్నప్ప చేతులు జోడించాడు. బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చచ్చినాడనుకున్న మొగుడు తిరిగొచ్చిన ఈ పూట అస్సలు పలకనంది. పాపను అడిగితే "నాయన" అన్నది పాప.

లోపల గదిలో మంచం కిర్రుమంది. మధ్యాహ్నం నిద్రలోంచి ఎవరో లేస్తున్నారు. ఆమె ఆ వైపు తొంగి చూసి, గొంతు తగ్గించి, చిన్నప్పను అడిగింది.

"ఒక్క మాటప్పా. మా ఇంటాయన ఫోను చేసినప్పుడంతా యెనకాల ఇంకొకాయన ఉంటాడు. నీళ్ల సప్పుడులో యాడో దూరంగా, మామా... మామా... అని ఒకటే అరస్తా ఉంటాడు. పాపం, ఆయప్పను ఎవురూ పలకరించరేందప్పా?"